ఎన్నికల ఫలితాలు ‘ముందే’ అమ్మేవాళ్లతో జాగ్రత్త

తర్వాతి ఎన్నికలకు ఈ బేరం మళ్లీ మీ ఫోన్‌లోకి వస్తుంది, అందుకే రాస్తున్నా. 2024 లోక్‌సభ ఎన్నికలప్పుడు ఒక టెలిగ్రామ్ ఛానెల్ 499 రూపాయలకు ‘ప్రీమియం’ సభ్యత్వం అమ్మింది. మే 13న మన రెండు రాష్ట్రాల్లో పోలింగ్ ముగిసిన రాత్రే ఎగ్జిట్ పోల్ ఇస్తామని, జూన్ 4న టీవీ కంటే ముందే ఫలితం చెప్తామని ప్రచారం చేశారు.

ఎగ్జిట్ పోల్ అన్నారు కదా, ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 126ఏ సెక్షన్ ప్రకారం చివరి విడత పోలింగ్ పూర్తయి అరగంట గడిచేదాకా దాన్ని బయటపెట్టకూడదు. అంటే అప్పుడు జూన్ 1 సాయంత్రం ఆరున్నర దాకా. మే 13 రాత్రి డబ్బు కట్టిన మాకొచ్చిన పీడీఎఫ్ నిజంగా సర్వేనే అయితే నేరం, కాకపోతే మోసం. ఎంతమందిని అడిగారో, ఏ ఊళ్లో అడిగారో అందులో ఒక్క ముక్క లేదు. మా బావమరిది డబ్బు కట్టిన ఇంకో గ్రూపులోనూ అచ్చం అదే పట్టిక, కాకపోతే గెలిచే పార్టీ, ఓడే పార్టీ తారుమారు! రెండింట్లో ఒకటి నిజమవుతుంది కదా, ఆ గ్రూపువాళ్లు ‘భలే చెప్పారు’ అని మళ్లీ కడతారు. వ్యాపారమంతా ఇంతే.

లెక్కింపు రోజు గ్రూపులో పడినవి ఎన్నికల సంఘం సైట్ స్క్రీన్‌షాట్లు. అదీ ఆలస్యంగా. ఆ సైట్ అందరికీ ఉచితం. ముందు పోస్టల్ బ్యాలెట్లు, తర్వాత ఈవీఎంలు రౌండ్ల వారీగా లెక్కిస్తారు. రౌండ్ పూర్తికాకముందు దాని అంకె ఎవరి దగ్గరా ఉండదు, ఇక ‘ముందే’ ఎక్కణ్నుంచి తెస్తారు? ముంబై వాయవ్య స్థానం 48 ఓట్లతో తేలింది. అలాంటి చోట మధ్యాహ్నం ఆధిక్యం చూసి ‘గెలుపు ఖాయం’ అనేవాణ్ని ఏమనాలి?

బీజేపీ 240 దగ్గర ఆగింది. మెజారిటీకి కావాల్సిన 272 చేరాలంటే టీడీపీ 16, జేడీయూ 12 లాంటి మిత్రపక్షాల సీట్లు కావాల్సిందే. ఇక చూడండి, ‘చంద్రబాబు ఇండియా కూటమి వైపు వెళ్తున్నారు, లోపలి సమాచారం’ అంటూ ఇంకో 299 అడిగారు. మర్నాడు ఆయనే విలేకరుల ముందు ఎన్డీఏలోనే ఉన్నామని చెప్పేశారు, పైసా తీసుకోకుండా.

జూన్ 3న షేర్లు కొనమని చెప్పింది కూడా ఈ ఛానెలే. మర్నాడు సెన్సెక్స్ దాదాపు 4,390 పాయింట్లు పడింది. షేర్ల సలహా ఇచ్చేవాళ్లకు షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. అడిగితే నన్ను గ్రూపులోంచి తీసేశారు.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. ఒక్కసారి కట్టే సభ్యత్వం అన్నారు గానీ, యూపీఐలో ఆటోపే, అంటే నెలనెలా డబ్బు దానంతటదే కట్ అయ్యే ఏర్పాటు, పెట్టించుకున్నారు. ఎన్నికలైపోయాక కూడా నెలనెలా 499 పోతూ వచ్చింది, పిన్ అడగదు కాబట్టి గమనించం. మీరూ ఇలాంటిది కట్టి ఉంటే ఇప్పుడే యూపీఐ యాప్‌లో ఆటోపే జాబితా తెరిచి రద్దు చేయండి. గ్రూపు డిలీట్ అయ్యేలోపే ప్రకటన, చాట్, చెల్లింపు రసీదు స్క్రీన్‌షాట్లు తీసుకుని సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. నేను ఫిర్యాదు చేశాను. ఆటోపే ఆగింది, పోయిన డబ్బు ఇంకా రాలేదు.