డ్రాగ్ స్ట్రిప్ మీద హయబూసా: కొన్నేళ్ల వాడకం తర్వాత

సుజుకి హయబూసా బైకు పేరెత్తగానే ఎవరైనా మొదట అడిగేది టాప్ స్పీడ్ గురించే. హైదరాబాద్‌లో ఉండే మా బాబాయి కొడుకు ఫోను చేసినప్పుడల్లా "అన్నయ్యా, ఎంతవరకు లాగావు?" అంటాడు. రెండో తరం హయబూసాను కొన్నేళ్లుగా నడుపుతూ, దానితోనే డ్రాగ్ రేసింగ్ (డ్రాగ్ స్ట్రిప్ అనే తిన్నటి దారి మీద, నిలబడ్డ చోటి నుంచి కొద్ది దూరం తీసే పరుగు పందెం) మొదలుపెట్టి, ఇప్పటికీ దానితోనే కొనసాగుతున్న నాకు ఆ ప్రశ్న అంత ముఖ్యమనిపించదు. ఈ బండి గొప్పదనం వేగంలో కంటే దాని పొడవులో, కింది గేర్లలో అది చూపించే నిదానంలో ఉంది. స్పోర్ట్ బైకుతో తొలిసారి డ్రాగ్ స్ట్రిప్ మీదికి వెళ్లేవాళ్లకు ఇంతకంటే మంచి బండి దొరకదని నా గట్టి నమ్మకం.

నేనుండేది డల్లాస్ శివార్లలో. నగరానికి దక్షిణంగా సుమారు 55 కిలోమీటర్ల దూరంలో ఎన్నిస్ అనే చిన్న ఊరు ఉంది. వసంతంలో నీలి బ్లూబానెట్ పూలు చూడటానికి జనం బారులు తీరే ఊరు అదే. అక్కడే టెక్సాస్ మోటార్‌ప్లెక్స్ ఉంది. డ్రాగ్ రేసర్ బిల్లీ మేయర్ 1986లో దాన్ని కట్టించాడు. మిగతా చోట్ల బయలుదేరే చోటే కాంక్రీటు ఉండి ముందంతా తారు ఉండే కాలంలో, ఆయన పందెం దూరమైన క్వార్టర్ మైలు (సుమారు 400 మీటర్లు) పొడవునా కాంక్రీటే పోయించాడు. 1988లో ఎడ్డీ హిల్ టాప్ ఫ్యూయెల్ డ్రాగ్‌స్టర్ అనే ప్రత్యేక రేసు కారుతో ఆ దూరాన్ని 4.990 సెకన్లలో దాటి, 5 సెకన్లలోపు చేరిన తొలి వ్యక్తి అయింది ఈ స్ట్రిప్ మీదే. అలాంటి చోట మామూలు జనం రోజూ నడుపుకునే బండ్లతో పరుగు తీసేందుకు కొన్ని సాయంత్రాలు కేటాయిస్తారు. రుసుము కట్టి, తనిఖీ చేయించుకుని, వరసలో నిలబడితే చాలు.

తనిఖీలో టైర్లు, గొలుసు, బ్రేకులు, ఎక్కడైనా నూనె కారుతోందా, థ్రాటిల్ వదలగానే తనంతట తాను మూసుకుంటోందా అన్నవి చూస్తారు. ముఖమంతా కప్పే హెల్మెట్, తోలు దుస్తులు, గ్లోవ్స్, చీలమండలు దాటే బూట్లు ఉండాలి. టెక్సాస్ ఎండలో తోలు సూటు వేసుకుని, కింద 1340 సీసీ ఇంజను సెగ కక్కుతుండగా వరసలో కాచుకోవడం కష్టమే. నేను వరసలో ఇంజను ఆపేసి బండిని నెట్టుకుంటూ వెళ్తాను. ద్రవాలన్నీ నింపితే 260 కిలోలు దాటే బండి ఇది. నెడుతున్నప్పుడు ఆ బరువు బాగా తెలుస్తుంది. పరుగు మొదలయ్యాక మాత్రం తెలియదు.

బయలుదేరే గీత దగ్గరి నేల రోడ్డులాంటిది కాదు. ఏళ్ల తరబడి పరుచుకున్న రబ్బరు, దాని మీద చల్లిన జిగురు మందు కలిసి నల్లగా మెరుస్తుంటాయి. అక్కడ కాలు ఆనించి ఎత్తితే బూటు అడుగు చర్రుమని ఊడి వస్తుంది. గీతకు ముందే, టైరును ఉన్నచోటే తిప్పి వేడెక్కించే బర్నౌట్ కోసం నీళ్లు పోసిన చోటు ఒకటి ఉంటుంది. గాడులున్న మామూలు రోడ్డు టైరుతో దాంట్లోకి దిగకూడదు. గాడుల్లో నిలిచిన నీరు గీత దాకా వచ్చి మన పట్టూ పోగొడుతుంది, మన తర్వాత వచ్చేవాళ్ల పట్టూ పోగొడుతుంది. పక్కనుంచి తిరిగి వెళ్లి, పొడి నేల మీద వెనుక టైరును కాస్త తిప్పి, అంటుకున్న ఇసుకా రాళ్లూ రాలగొట్టుకుంటే సరిపోతుంది.

తర్వాత 'క్రిస్మస్ ట్రీ' అని పిలిచే దీపాల స్తంభం. నేల మీద 7 అంగుళాల ఎడంతో రెండు కాంతి కిరణాలు అడ్డంగా ఉంటాయి. ముందు చక్రం మొదటిదాన్ని తాకితే పైన ఒక జత దీపాలు, రెండోదాన్ని తాకితే ఇంకో జత వెలుగుతాయి. ఆపైన మూడు పసుపు దీపాలు అర సెకను తేడాతో ఒకదాని తర్వాత ఒకటి, చివరగా పచ్చదీపం. ఇక్కడ కొత్తవాళ్లకు తప్పకుండా చెప్పాల్సిన సంగతి ఒకటుంది. పచ్చదీపం వెలిగిన క్షణం నుంచి మన సమయాన్ని లెక్కించరు. ముందు చక్రం కిరణాన్ని వదిలినప్పుడే గడియారం మొదలవుతుంది. మనం ఎంత త్వరగా స్పందించామన్నది పరుగు తర్వాత చేతికిచ్చే చీటీలో వేరే అంకెగా వస్తుంది. పక్క లేన్‌లో ఉన్నవాళ్లను గెలవాలంటే అది కావాలి. సమయం మెరుగుపరచుకోవాలంటే మాత్రం దీపాలతో పోటీ పడాల్సిన పని లేదు. ఊపిరి తీసుకుని, స్థిమితపడి, అప్పుడు బయలుదేరినా నష్టమేమీ లేదు. ఈ ఒక్క విషయం ముందే తెలిస్తే తొలి పరుగులో గుండెదడ సగం తగ్గుతుంది.

నా తొలి చీటీలో 60 అడుగులకు 2.2 సెకన్లు, క్వార్టర్ మైలుకు 11.3 సెకన్లు, చివర్లో వేగం గంటకు 136 మైళ్లు, అంటే దాదాపు 219 కిలోమీటర్లు అని ఉంది. ఇప్పుడు అదే ఇంజనుతో 60 అడుగులకు 1.75, మొత్తం 10.3, చివరి వేగం 140 మైళ్లు వస్తున్నాయి. వేగం పెరిగింది నాలుగు మైళ్లే, సమయం తగ్గింది మాత్రం పూర్తిగా ఒక సెకను. చివరి వేగం ఇంజను శక్తిని చెబుతుంది, పట్టిన సమయం నడిపిన మనిషిని గురించి చెబుతుంది. మొదటి 60 అడుగుల్లో పదో వంతు సెకను మిగిలితే చివరికి అది ఇంచుమించు రెండింతలవుతుందని డ్రాగ్ రేసర్లు లెక్కగడతారు. నా చీటీలు కూడా అదే అంటున్నాయి. పేరున్న పత్రికల పరీక్షకులు మార్పులేవీ చేయని రెండో తరం హయబూసాతోనే 10 సెకన్లలోపు వచ్చారు. బండిలో దాగి ఉన్నదాన్ని నేనింకా పూర్తిగా బయటికి తీయలేదన్నమాట. అందుకే దీనికి ఇంజను శక్తి పెంచే టర్బోలు, నైట్రస్ సీసాలు బిగించే ఆలోచన నాకు రాలేదు.

ఆ 60 అడుగుల పని ఎడమ చేతిది. ఫస్ట్ గేరులో ఇంజనును 4000, 4500 ఆర్‌పీఎం దగ్గర నిలకడగా పట్టుకుని, క్లచ్ లివరు పట్టు దొరికే చోటు దాకా వదిలి, అక్కడి నుంచి నెమ్మదిగా జార్చుకుంటూ పోవాలి. నిండు చేదను బావిలోకి దించేటప్పుడు తాడును అరచేతుల్లోంచి జారనిచ్చినట్టు ఉంటుంది ఆ పని. ఒక్కసారిగా వదిలితే ముందు చక్రం లేస్తుంది, లేదా వెనుక టైరు గిర్రున తిరుగుతుంది. మరీ పట్టి ఉంచితే క్లచ్ ప్లేట్లు మాడిన వాసన వస్తుంది. క్లచ్ పూర్తిగా విడిచేలోపు థ్రాటిల్ పూర్తిగా తెరుచుకోవాలి. ఈ రెండు చేతుల పొత్తు కుదరడానికే నాకు ఒక వేసవి పట్టింది. హయబూసా క్లచ్ హైడ్రాలిక్‌ది కాబట్టి కేబుల్ క్లచ్ అంత నేరుగా వేళ్లకు కబురు అందదు. వెంటవెంటనే పరుగులు తీసి వేడెక్కితే పట్టు దొరికే చోటు కొద్దిగా మారుతుంది కూడా. నేను పరుగుకూ పరుగుకూ మధ్య కనీసం అరగంట చల్లారనిస్తాను.

ఇక ఈ బండి పొడవు సంగతి. వెనుక టైరు నేలను తోసినకొద్దీ బరువంతా వెనక్కి వెళ్తుంది. ఒక హద్దు దాటితే ముందు చక్రం గాల్లోకి లేస్తుంది. ఆ హద్దును తేల్చేవి రెండు: వెనుక చక్రం నేలను తాకే చోటి నుంచి గరిమనాభి (బరువంతా కేంద్రీకృతమైనట్టుండే బిందువు) ఎంత ముందుంది, నేల నుంచి ఎంత ఎత్తున ఉంది. హయబూసా రెండు చక్రాల మధ్య దూరం 1480 మిల్లీమీటర్లు, సీటు ఎత్తు 805. వెయ్యి సీసీ సూపర్‌బైకుల్లో ఆ దూరం దాదాపు 1400 నుంచి 1450 వరకే ఉంటుంది, సీటూ ఎత్తుగా ఉంటుంది. కాగితం మీద అది నాలుగు వేళ్ల తేడా. గీత దగ్గర అదే పెద్ద తేడా. ఒక మిత్రుడి వెయ్యి సీసీ బండి మీద అదే సాయంత్రం నేను పరుగు తీసి చూశాను. బండి చాలా తేలిక, ఇంజను చురుకు. కానీ ముందు చక్రం లేవడం, థ్రాటిల్ తగ్గించడం, మళ్లీ తెరవడం, ఇదే తంతు సగం దూరం దాకా సాగింది. చివరి వేగం నా బండి కంటే ఎక్కువ వచ్చింది, సమయం మాత్రం వెనకబడింది. హయబూసాలో ముందు చక్రం లేచినా చెప్పి మరీ లేస్తుంది. హ్యాండిల్ తేలికవుతున్నట్టు ముందే చేతులకు తెలుస్తుంది, సర్దుకునే వ్యవధి దొరుకుతుంది.

ఆ హద్దును ఇంకాస్త పెంచుకునే ఉపాయాలు చవకైనవే. ఛాతీని ట్యాంకుకు ఆనించి, తలను వీలైనంత ముందుకు పెట్టి కూర్చోవాలి. కాళ్లను కంగారుగా పైకి లాక్కోకుండా, బండి తిన్నగా సాగాక ఫుట్‌పెగ్‌ల మీద పెట్టుకోవాలి. రోడ్డు మీద 40 పీఎస్ఐ దాటి ఉంచే వెనుక టైరు గాలిని ఇక్కడ ఇరవైలలోకి దించుతాను. టైరు నేలను ఎక్కువ మేర పట్టుకుంటుంది. ముందు ఫోర్కులను పట్టీతో కిందికి బిగిస్తే బండి ముందు భాగం దిగి, ఎగిరే గుణం చాలావరకు తగ్గుతుంది. ఇంటికి బయలుదేరేముందు ఆ పట్టీ విప్పడం, టైర్లలో గాలి మళ్లీ నింపడం ప్రాణంతో సమానమైన పనులు. ముందు సస్పెన్షన్ బిగించి ఉండగా హైవే మీద గతుకులో పడితే బండి అదుపు తప్పుతుంది. గాలి కొలిచే సాధనం, చిన్న పంపు, పట్టీ నా సంచిలో ఎప్పుడూ ఉంటాయి.

రెండో తరంలో చక్రం జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ లేదు. ఇంజను స్వభావాన్ని మార్చే ఎ, బి, సి అనే మూడు స్థాయులు మాత్రం ఉన్నాయి. తొలిసారి వెళ్లేవాళ్లు బి లో మొదలుపెట్టడం మంచిది. కింది భాగంలో శక్తి మెత్తగా వస్తుంది, చెయ్యి కుదిరాక ఎ కి మారవచ్చు. 2021లో వచ్చిన మూడో తరంలో ట్రాక్షన్ కంట్రోల్, క్లచ్ నొక్కకుండా గేరు మార్చనిచ్చే క్విక్ షిఫ్టర్, బయలుదేరేటప్పుడు సాయపడే లాంచ్ కంట్రోల్ అన్నీ ఉన్నాయి. లాంచ్ కంట్రోల్ ఆర్‌పీఎంను పట్టి ఉంచుతుందే తప్ప క్లచ్‌ను వదిలిపెట్టదు. ఆ పని మూడో తరంలోనూ చేతిదే. చేత్తో నేర్చుకోవాలనుకునేవాళ్లకు పాత బండే మేలని నా మాట.

ఖర్చుల విషయానికి వస్తే, స్ట్రిప్ వాడకం మూడు చోట్ల కనిపిస్తుంది. వెనుక టైరు మధ్య భాగం అరిగి బల్లపరుపుగా మారుతుంది, ఆ తర్వాత మలుపుల్లో బండి మొండికేస్తుంది. గొలుసు త్వరగా సాగుతుంది. క్లచ్ ప్లేట్లు ఒకసారి మార్చాల్సి వచ్చింది. ఇంజను నూనెలోనే మునిగి ఉండే క్లచ్ కాబట్టి నూనెను కూడా నేను తొందరగానే మారుస్తాను. ఇంజను లోపలి భాగాలను ఇంతవరకు ముట్టుకోవాల్సిన అవసరం రాలేదు. అయితే బీమా పత్రాన్ని మాత్రం శ్రద్ధగా చదవండి. రేసు స్థలంలో జరిగే నష్టాన్ని మినహాయించే నిబంధన చాలా పాలసీల్లో ఉంటుంది.

వెనుక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్‌ఆర్మ్‌ను పొడిగించుకోమని స్ట్రిప్ దగ్గర చాలామంది సలహా ఇస్తారు. సమయం తగ్గుతుంది, సందేహం లేదు. కానీ వారం మధ్యలో మలుపులున్న దారుల్లో కూడా నడిపే బండికి అది తగదు. బండి వంగడానికి ఇష్టపడదు. నేను చేయించలేదు, చేయించను.

మా తమ్ముడి ప్రశ్నకు నా జవాబు కూడా ఇక్కడే చెబుతాను. హైదరాబాద్ ఓఆర్ఆర్ 158 కిలోమీటర్ల పొడవున ఎంత నున్నగా ఉన్నా, ప్రధాన మార్గంలో ద్విచక్ర వాహనాలకు అనుమతి లేదు. అర్ధరాత్రి అక్కడికి వెళ్లి సరదా తీర్చుకోవాలనుకునే పిల్లలను తలచుకుంటే నాకు భయంగా, బాధగా ఉంటుంది. అక్కడ అంబులెన్సు కాచుకుని ఉండదు, లారీ ఎటునుంచి వస్తుందో తెలియదు, 60 అడుగులకు ఎంత పట్టిందో చెప్పేవాళ్లూ ఉండరు. మన దేశంలోనూ సరైన చోట్లు ఉన్నాయి. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌లో జాతీయ డ్రాగ్ రేసింగ్ పోటీలు జరుగుతూ వచ్చాయి. బెంగళూరుకు చెందిన హేమంత్ ముద్దప్ప అనేక జాతీయ టైటిళ్లు గెలుచుకున్నాడు. మహారాష్ట్రలోని ఆంబీ వ్యాలీ రన్‌వే మీద కూడా పోటీలు నిర్వహించారు. హైదరాబాద్ నుంచి చెన్నైకి బండిని లారీలో వేసి పంపడానికి అయ్యే ఖర్చు, ఆస్పత్రి ఖర్చుతో పోలిస్తే లెక్కలోకి రాదు.

వాడిన హయబూసా కొనాలనుకుంటే, అది స్ట్రిప్ చూసిన బండా కాదా అన్నది ముందు తేల్చుకోండి. చూసిన బండి అయినంత మాత్రాన చెడ్డది కాదు. స్వింగ్‌ఆర్మ్ మీద వెల్డింగ్ గుర్తులు ఉన్నాయేమో, పొడవు మార్చి మళ్లీ పాతది బిగించారేమో చూడండి. చక్రాన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ గొలుసును నాలుగైదు చోట్ల వేలితో ఎత్తి, ఒక చోట బిగువుగా, మరో చోట వదులుగా ఉందేమో పరీక్షించండి. ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో తక్కువ ఆర్‌పీఎం నుంచి థ్రాటిల్ పూర్తిగా తెరవండి. ఇంజను ఆర్‌పీఎం ఎగిరిపోయి బండి వేగం మాత్రం అందుకోకపోతే క్లచ్ జారుతున్నట్టే. ఆ ప్లేట్ల ఖరీదు తగ్గించమని అడిగి, మిగతాదంతా బాగుంటే ధైర్యంగా కొనండి.