విశాఖలో ‘కుటుంబ వైనరీ’ సందర్శనకు డబ్బు కట్టబోతున్నవారికి హెచ్చరిక

నగర శివార్లలో, భీమిలి వైపు ఒక తోటలో ‘మా కుటుంబ వైనరీ చూడండి, మాతో కలిసి వంట చేయండి, ఐదు రకాల వైన్ రుచి చూడండి’ అంటూ కొన్ని నెలలుగా విశాఖవాసుల ఫోన్లలో ఒక ప్రకటన తిరుగుతోంది. జంటకు ఏడు వేల రూపాయలు. పెళ్ళిరోజు కానుకగా కూడా కొని ఇస్తున్నారు. ఎంవీపీ కాలనీలో, మధురవాడలో తెలిసినవాళ్ళు నన్ను దీని గురించి అడుగుతూనే ఉన్నారు. అందరికీ ఒకే మాట చెబుతున్నాను: కట్టకండి. అక్కడ వైనరీ, అంటే వైన్ తయారుచేసే చోటు, లేదు, వంట పాఠమూ లేదు. గ్లాసులో పోసేది ఎక్కడిదని అడిగితే తిన్నగా జవాబు చెప్పేవారు కూడా లేరు.

నా భార్య, మరదలు, తోడల్లుడితో కలిసి వెళ్ళాను. ప్రకటనలో పందిళ్ళ నిండా గుత్తులు వేలాడుతున్న ద్రాక్షతోట ఫొటో ఉంది. అక్కడ చూస్తే కార్లు నిలిపే చోట అల్లిన ఒకే ఒక్క పందిరి ఉంది. దాని మీదికి పాకిన తీగలు నిజమైనవే, గుత్తులు మాత్రం ప్లాస్టిక్‌వి. వాటిని కొమ్మలకు కట్టిన పచ్చ దారం ముడులు కిందినుంచే కనబడుతున్నాయి. వైన్ ద్రాక్ష పండే రోజుల్లో పొడి వాతావరణం కావాలి. మన తీరంలోని తేమకు, వానలకు బూజు తెగుళ్ళు దాన్ని పట్టి పీడిస్తాయి. దేశంలో వైన్ తయారీ నాసిక్ చుట్టూ, బెంగళూరు దగ్గర నంది కొండల చుట్టూ పెరగడానికి అక్కడి వాతావరణం ఒక ముఖ్య కారణం. పండ్లు బయటినుంచి తెప్పించుకుని ఇక్కడ వైన్ చేయకూడదా అంటే, అనుమతి ఉంటే నిక్షేపంగా చేయవచ్చు. కానీ చేస్తున్నవారి దగ్గర పండ్లు నలిపే యంత్రం ఉంటుంది, పులియబెట్టే ట్యాంకులు ఉంటాయి, నిల్వకు చల్లని గది ఉంటుంది. ఆవరణలో అడుగు పెట్టగానే పులుపెక్కిన ద్రాక్ష వాసన తగులుతుంది. అక్కడ మాకు చూపించింది ఒక గదిలో వరసగా పేర్చిన చెక్క పీపాలు. మా తోడల్లుడు ఒకదాన్ని వేలితో తట్టి చూశాడు. ఖాళీ. పక్కదీ ఖాళీయే. వాటికి వాసన అంటూ ఏదైనా ఉంటే అది వార్నిష్ వాసన.

‘మూడు తరాలుగా ఇక్కడే చేస్తున్నామండీ, మా తాతగారి చేతి విద్య’ అని నిర్వాహకుడు చెప్పాడు. ఈ రాష్ట్రంలో 1995 నుంచి 1997 దాకా సంపూర్ణ మద్యనిషేధం ఉంది. ఆ కాలంలో ఏం చేశారు, ఇప్పుడు లైసెన్సు ఎవరి పేరున ఉంది అని మర్యాదగానే అడిగాం. ‘అవన్నీ నాన్నగారు చూసుకుంటారు’ అన్నాడు. నాన్నగారు ఊళ్ళో లేరట. కాగితం ఏదీ చూపించలేదు.

అసలు విషయం మంచు బకెట్ దగ్గర బయటపడింది. తెల్ల వైన్ సీసాలను మంచులో పెట్టారు. వాటికి తోట పేరుతో అచ్చువేసిన అందమైన కాగితం లేబుల్ ఉంది. తడికి ఆ కాగితం నాని, మరదలు సీసా అందుకోగానే ఆమె చేతిలోకి జారి వచ్చేసింది. కింద అసలు లేబుల్ ఉంది. తయారీ నాసిక్ జిల్లా, గరిష్ఠ చిల్లర ధర, ఆ పక్కనే ‘మహారాష్ట్రలో మాత్రమే అమ్మకానికి’ అన్న ముద్ర స్పష్టంగా కనిపించాయి. మన ఎక్సైజ్ శాఖ హోలోగ్రామ్ సీసా మీద ఎక్కడా లేదు. అంటే దుకాణంలో దొరికే వైన్‌నే మరో రాష్ట్రం నుంచి తెచ్చి, పైన తమ పేరు అతికించి, తాతగారి విద్యగా మాకు పోస్తున్నారన్నమాట. ఇది మోసం ఒక్కటే కాదు. మరో రాష్ట్రంలో అమ్మాల్సిన మద్యాన్ని ఇక్కడ పన్ను కట్టకుండా అనుమతి లేకుండా వడ్డించడం నేరం. ఒక్కపూట వేడుకలో మద్యం వడ్డించాలన్నా ఎక్సైజ్ శాఖ అనుమతి తీసుకోవాల్సిందే. తనిఖీ జరిగితే ఆ గదిలో గ్లాసు పట్టుకుని కూర్చున్న అతిథులు కూడా సమాధానాలు చెప్పుకోవాల్సి వస్తుంది. పెళ్ళిరోజు జరుపుకోవడానికి వచ్చినవాళ్ళను ఆ పరిస్థితిలోకి నెట్టే హక్కు వీళ్ళకు ఎవరిచ్చారు?

లేబుల్ లేని ఎర్ర వైన్ గాజు కూజాలో వచ్చింది. అది ఏ సీసాలోంచి వంపారో, ఎప్పుడు తెరిచారో చెప్పలేదు. గ్లాసు ముక్కు దగ్గరకు రాగానే వెనిగర్ ఘాటు కొట్టింది. తెరిచిన వైన్‌కు గాలి తగిలితే అందులోని ఆల్కహాల్‌ను బ్యాక్టీరియా ఎసిటిక్ ఆమ్లంగా మారుస్తుంది. వెనిగర్ తయారయ్యేదీ అలాగే. దాన్ని ‘ఓక్ పీపా రుచి’ అని చెప్పి తాగించారు. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది ఇదే. వైన్ గురించి ఏమీ తెలియని ఇద్దరు కుర్రవాళ్ళు పక్క బల్ల దగ్గర ‘ఓహో, ఇదా పీపా రుచి’ అని తలలాడించారు. నేర్చుకోవాలన్న ఆసక్తితో వచ్చినవాళ్ళకు అబద్ధం నేర్పి పంపడం చిన్న తప్పు కాదు. చెప్పిన ఐదు రకాల్లో మూడే వచ్చాయి. అందులోనూ తీపి వైన్ ముందు పోశారు. పద్ధతి తెలిసినవారు తీపిదాన్ని చివరికి ఉంచుతారు, లేకపోతే తర్వాత తాగేవన్నీ పుల్లగానే అనిపిస్తాయి.

ఇక వంట. ‘ప్రతి జంటకూ ఒక పొయ్యి, రొయ్యల ఇగురు, బొంగులో చికెన్ మీ చేతులతో’ అన్నది ప్రకటనలోని మాట. అక్కడ అందరికీ కలిపి ఉన్నది ఒకే గ్యాస్ పొయ్యి. దాని ముందు ఒక వంటమనిషి, చుట్టూ నిలబడి చూసేవాళ్ళం మేం. పాపం, ఆయన్ను తప్పుపట్టను, అడిగినదానికి చేతనైనంత చెప్పాడు. రొయ్యలు మాత్రం వీపు మీది నల్లటి నరం తీయకుండానే బాండీలో పడ్డాయి. నా భార్య అడిగితే ‘టైము లేదమ్మా’ అన్నాడు. రేవులో చేపల బేరం చూస్తూ పెరిగిన ఈ ఊరివాళ్ళకు రొయ్యలు అలా వండి పెట్టడమా!

బొంగులో చికెన్ సంగతి మరీ అన్యాయం. అరకు వైపు వెళ్ళినవారికి తెలుసు, దానికి పచ్చి వెదురు బొంగు కావాలి. మసాలా పట్టించిన మాంసాన్ని నూనె లేకుండా బొంగులో కూరి, మూతిని ఆకులతో బిగించి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. పచ్చి వెదురులోని తడే మాంసాన్ని మగ్గనిస్తుంది, బొంగు వెంటనే అంటుకోకుండా కాపాడుతుంది. ఇక్కడ నిప్పులే లేవు. వంటింటి వెనక పెద్ద అల్యూమినియం గిన్నెలో నూనె తేలుతున్న కోడికూరను గరిటెతో ఎండు బొంగుల్లోకి నింపుతుండగా మా తోడల్లుడు చేతులు కడుక్కోవడానికి వెళ్ళి చూశాడు. బొంగుల బయటి నలుపు పాతది, చేతికి అంటనే లేదు. కొండల్లో తరతరాలుగా చేస్తున్న వంటను ఇలా బొమ్మగా మార్చి అమ్ముతుంటే కడుపు మండింది.

తిరుగు ప్రయాణానికి వాహనం ఉందన్న మాటా నిలబెట్టుకోలేదు. ‘డ్రైవరు రాలేదు, మెల్లగా మీరే వెళ్ళిపోండి సార్’ అన్నారు. తాగించి బండి నడుపుకుంటూ వెళ్ళమని చెప్పడం ఎంత ప్రమాదమో వాళ్ళకు తెలియదా? వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే కేసు. మొదటిసారికే ఆరు నెలల దాకా జైలు గానీ, పది వేల రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. అంతకుమించి, చీకట్లో ఆ దారిలో ఎదురొచ్చేవారి ప్రాణాల మాటేమిటి? మా బృందంలో నా భార్య ఒక్క చుక్క కూడా ముట్టలేదు కాబట్టి ఆమె నడిపింది. ఆ కుర్రవాళ్ళు బైకు మీద వెళ్ళబోతుంటే ఆపి, మాతో కారులో తీసుకొచ్చాం.

బిల్లు గురించి కూడా చెప్పాలి. వైన్ రుచికి విడిగా కొంత వేసి దాని మీద 18 శాతం జీఎస్టీ వసూలు చేశారు. తాగే మద్యం జీఎస్టీ పరిధిలోనే లేదు, దాని మీద పన్ను రాష్ట్రానిది. పైగా బిల్లు మీద జీఎస్టీ నంబరే లేదు. మన రాష్ట్రంలో నమోదైన సంస్థకు అది 15 అక్షరాలతో ఉంటుంది, 37తో మొదలవుతుంది, జీఎస్టీ వెబ్‌సైటులో కొట్టి చూస్తే సంస్థ పేరు కనబడుతుంది. ఆహారం అమ్మేవారు 2022 జనవరి నుంచి బిల్లు మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) నంబరు కూడా వేయాలి. అదీ లేదు. డబ్బు వెళ్ళింది సంస్థ ఖాతాకు కాదు, ఒక వ్యక్తి సొంత ఖాతాకు. ఇలాంటి కార్యక్రమం ఎవరు అమ్మినా ఈ రెండు నంబర్లూ, ఎక్సైజ్ అనుమతి ఫొటో ముందే పంపమని అడగండి. సక్రమంగా నడిపేవారు ఒక్క నిమిషంలో పంపుతారు. 21 ఏళ్ళు నిండనివారికి ఇక్కడ మద్యం అమ్మకూడదు. ‘పిల్లలతో రండి, వాళ్ళకూ టికెట్ ఉంది’ అని ఎవరైనా అంటే అక్కడితో ఆపేయండి.

డబ్బు వెనక్కి అడిగితే ‘బుకింగ్ రద్దు కాదు’ అన్న ఒక్క వాక్యం పంపి మాట్లాడటం మానేశారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. సీసా ఫొటోలు ఎక్సైజ్ శాఖకు ఇచ్చాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు అయితే రుసుము లేదు, లాయరు ఉండాలన్న నియమమూ లేదు.

ఆ తోటకు వెళ్ళి వచ్చినవారు ఎవరైనా ఉంటే చెల్లింపు రసీదు, ప్రకటన ఫొటో, వాళ్ళు పంపిన సందేశాలు దయచేసి చెరిపేయకండి. కమిషన్‌కు వెళ్ళడానికి రెండేళ్ళ గడువు ఉంటుంది. డబ్బు కట్టి ఇంకా వెళ్ళనివారు ఈరోజే రాతపూర్వకంగా రద్దు కోరండి. ఫోనులో అడిగితే ‘చూద్దాం సార్’ అంటారు, మీ చేతిలో ఆధారం మిగలదు.