యాడ్‌సెన్సా, సొంతంగా తెచ్చుకునే ప్రకటనలా: చిన్న తెలుగు సైటుకు ఏది మేలు?

మిద్దెతోటల మీద నేను రాసే సైటులో కడియం నర్సరీ ప్రకటన కనిపించినప్పటి నుంచి తోటి బ్లాగర్లు ఒకటే అడుగుతున్నారు. యాడ్‌సెన్స్ (గూగుల్ మన సైటులో ప్రకటనలు వేసి డబ్బు ఇచ్చే పద్ధతి) తీసేశారా, మాకూ అలాంటివి ఎలా వస్తాయి, ఇంతకీ రెండింట్లో ఏది మేలు అని. తీసేయలేదు. రెండూ ఉన్నాయి. అయితే నా ఆదాయంలో పెద్ద వాటా ఇప్పుడు నర్సరీలది, కొబ్బరిపొట్టు, గ్రో బ్యాగులు అమ్మేవాళ్లది. ఇది అందరికీ ఇలాగే ఉంటుందా అంటే ఉండదు. ఎవరికి ఉంటుంది, ఎవరికి ఉండదు అన్నదే ఇక్కడ చెప్పదలచుకున్నాను.

యాడ్‌సెన్స్ ఖాతా ఎలా తెరవాలి, కోడ్ ఎక్కడ అతికించాలి అన్నవి మీకు తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. 2018లో గూగుల్ తెలుగును యాడ్‌సెన్స్ భాషల్లో చేర్చాక, అప్రూవల్ కోసం ఇంగ్లిష్‌లో నాలుగు పోస్టులు పెట్టే తిప్పలు కూడా తప్పాయి.

ముందు డబ్బు లెక్క చూద్దాం. గూగుల్ తన వాటా ఎంతో దాచుకోదు. మన పేజీలో కనిపించే ప్రకటనకు ప్రకటనదారు పెట్టే నూరు రూపాయల్లో మనకు వచ్చేది ఇంచుమించు 68. 2024 నుంచి లెక్క కట్టే పద్ధతి మారింది. ప్రకటనదారు వైపు ఫీజు పోగా మిగిలిన దాంట్లో 80 శాతం మనకు ఇస్తున్నారు, అదీ క్లిక్కుకు కాకుండా ప్రకటన కనిపించినందుకు. చివరికి చేతికొచ్చేది మాత్రం దాదాపు పాత లెక్కే. కాబట్టి గూగుల్ మన సొమ్మంతా తినేస్తోందని గింజుకోవడం దండగ. అసలు చిక్కు వేలంలో ఉంది. మన పేజీ తెరిచిన ప్రతిసారీ ఆ జాగా కోసం ప్రకటనదారుల మధ్య క్షణంలో వేలం జరుగుతుంది. గుంటూరులో ఒకరు తెలుగు పేజీ తెరిస్తే ఆ వేలంలో పోటీ పడేవాళ్లు తక్కువ, పడినా పాడే ధర తక్కువ. అదే పేజీ డల్లాస్‌లో ఉన్న తెలుగువాళ్లు తెరిస్తే ధర లేస్తుంది. మన రాతలో ఏ తేడా లేకపోయినా, చదివేవాళ్లు ఎక్కడున్నారన్న దాన్ని బట్టి రేటు మారిపోతుంది.

లెక్క సులువుగా ఉండటానికి వెయ్యి పేజీలకు 50 రూపాయలు వస్తాయనుకోండి. నెలకు 20 వేల పేజీలు చదివితే వెయ్యి రూపాయలు. 100 డాలర్లు చేరితే కానీ గూగుల్ డబ్బు పంపదు. డాలరు 90 రూపాయల లెక్కన 9,000 కావాలి, అంటే తొమ్మిది నెలలు. ఈలోగా డొమైన్, హోస్టింగ్ ఖర్చులు మన జేబులోంచే.

ఇప్పుడు అవే 20 వేల పేజీలను కడియంలో నర్సరీ యజమాని ఎలా చూస్తారో చూడండి. ఆయనకు 20 వేల మందితో పని లేదు. డాబా మీద డ్రాగన్ ఫ్రూట్, అంజీర పెంచాలని నిర్ణయించుకుని, మొక్క ఎక్కడ దొరుకుతుందా అని వెతుకుతున్న పది కుటుంబాలు దొరికితే చాలు. ఒక్కో ఇంటివాళ్లు పది పళ్ల మొక్కలు, కుండీలు, రవాణా కలిపి ఆర్డర్ పెడితే ఆయనకు మిగిలే లాభం ముందు నెలకు 1,500 రూపాయల ప్రకటన ఖర్చు లెక్కలోకి రాదు. అలాంటివాళ్లు ఇద్దరు దొరికితే మనకు నెలకు 3,000. అవే పేజీలు, అదే శ్రమ, మూడు రెట్ల డబ్బు.

నా దృష్టిలో మిగతా అన్నిటికంటే పెద్ద విషయం ఇదే. వేలంలో మన పాఠకులు తలల లెక్కలోకి పోతారు. ఊళ్లో అమ్మేవాళ్లకు మాత్రం వాళ్లు ఫలానా వస్తువు కొనబోతున్న మనుషులు. అందుకే "మీకు ట్రాఫిక్ ఎంత?" అని నేను అడగను. రెండే ప్రశ్నలు వేస్తాను. మీ పాఠకులు ఈ నెలలో ఏం కొనబోతున్నారో మీకు తెలుసా? అది అమ్మేవాళ్లకు మీరు ఫోన్ చేసి మాట్లాడగలరా? రెండింటికీ అవునంటే సొంత ప్రకటనలు మొదలుపెట్టండి, రోజుకు మూడు నాలుగు వందల మంది పాఠకులు ఉన్నా సరే. మంగళగిరి, గద్వాల చీరల గురించి రాసేవాళ్లు, ఒక పట్టణం విశేషాలు మాత్రమే రాసేవాళ్లు, ఎంసెట్ పిల్లలకు పాఠాలు పెట్టేవాళ్లు (ఇప్పుడు ఈఏపీసెట్ అనాలి కానీ ఇళ్లలో ఇంకా ఎంసెట్టే), పశువుల పెంపకం మీద రాసేవాళ్లు ఈ కోవలోకి వస్తారు.

రెండింట్లో ఒక్కదానికైనా కాదనే జవాబు వస్తే యాడ్‌సెన్స్‌తోనే ఉండండి. సినిమా కబుర్లు, స్తోత్రాలు, జోకులు చదివేవాళ్లు ఏం కొంటారో చెప్పడం కష్టం. ఉద్యోగ నోటిఫికేషన్ల సైటుకు ఫలితాల రోజున లక్షల్లో వస్తారు, మర్నాడు ఎవరూ ఉండరు. అలాంటి వరదను సొమ్ము చేసుకోవడం ఏ దుకాణదారుతో మాట్లాడుకున్నా కుదరదు, దానికి వేలమే తగినది. అమెరికా టైమింగులతో పంచాంగం పెట్టేవాళ్లు, అక్కడివాళ్లు ఎక్కువగా చూసే వంటల సైటువాళ్లు కూడా యాడ్‌సెన్స్‌ను కదిలించకండి. డల్లాస్ పాఠకుల వల్ల వచ్చే మంచి రేటును వదిలేసి, వాళ్లు ఎప్పటికీ కొనలేని రాజమండ్రి మొక్కల ప్రకటన పెట్టడం ఎందుకు?

ఇంతవరకు చదివితే సొంత ప్రకటనలే బంగారం అనిపిస్తుంది. వసూలు దగ్గరికి వస్తే తెలుస్తుంది అసలు సంగతి.

యాడ్‌సెన్స్‌లో మనం ఎవరినీ అడగక్కర్లేదు. హద్దు దాటితే నెలలో 21 నుంచి 26 లోపు డబ్బు పంపేస్తారు. మొదట్లో కాస్త తతంగం ఉంటుంది. పది డాలర్లు దాటాక ఇంటికి పోస్టులో పిన్ వస్తుంది, నాలుగు నెలల్లో అది ఎక్కించకపోతే ప్రకటనలు ఆగిపోతాయి. డోర్ నంబరు సరిగా లేని పల్లెటూళ్లలో ఆ కవరు కోసం పోస్ట్‌మ్యాన్‌కు ముందే చెప్పి పెట్టుకోవాలి. డబ్బు విదేశం నుంచి వస్తుంది కాబట్టి కొన్ని బ్యాంకులు ఫోన్ చేసి పర్పస్ కోడ్ (డబ్బు దేనికోసం వచ్చిందో చెప్పే నంబరు) అడుగుతాయి. ప్రకటనలకు పీ1007. ఈ రెండూ అయిపోతే ఇక దాని గురించి టెన్షన్ ఉండదు.

సొంత ప్రకటనలో ప్రతి రూపాయికీ ఒక మనిషి ఉంటాడు. "ఆయ్, పంపించేస్తానండి మేడం" అంటారు గోదావరి జిల్లాల్లో, ఎంతో మర్యాదగా. పంపరు. రెండో నెల "సీజన్ అయ్యాక చూద్దాం లెండి" అంటారు. వాళ్లు చెడ్డవాళ్లని కాదు. వాళ్ల వ్యాపారమంతా అరువు మీదే నడుస్తుంది, మొక్కలు తీసుకెళ్లిన చిల్లర వర్తకులు వాళ్లకూ అలాగే ఇస్తారు. ఆ వరసలో మనం చివరన ఉంటాం. అందుకే నాది ఒకటే పద్ధతి. మూడు నెలల డబ్బు ముందుగా యూపీఐలో వస్తేనే బ్యానర్ ఎక్కుతుంది, గడువు తేదీ బిల్లు మీదే ఉంటుంది, ఆ తేదీన తనంతట తానే దిగిపోతుంది. వర్డ్‌ప్రెస్‌లో ప్రకటనలు నడిపే ఉచిత ప్లగిన్లలో గడువు పెట్టుకోవచ్చు. మనం ఫోన్ చేసి అడిగే అవసరం పోతుంది, ఎదుటివాళ్లకూ మొహమాటం ఉండదు. నెలకు 1,500 చెప్పి అరువు పెట్టేకంటే 1,200 చెప్పి ముందుగా తీసుకోవడం మేలు.

రెండో గొడవ రుజువు. మూడు నెలలయ్యాక ప్రకటన ఇచ్చినాయన అడిగేది ఒక్కటే: "మీ సైటు చూసి ఎవరైనా వచ్చారా?" ఎన్నిసార్లు కనిపించింది, ఎన్ని క్లిక్కులు వచ్చాయి అన్న పట్టికలు చూపిస్తే తలూపుతారు కానీ నమ్మరు. నేను బ్యానర్‌కు వాట్సాప్ లింకు ఇస్తాను. అది నొక్కితే "మిద్దెతోట సైటులో చూశాను, మొక్కల ధరలు కావాలి" అన్న మెసేజ్ ముందే టైపై ఉంటుంది, పాఠకులు పంపితే చాలు. ఆయన ఫోన్‌లో ఆ వాక్యం పదిసార్లు కనిపించాక రెన్యువల్ గురించి నేను మాట్లాడక్కర్లేదు. మెసేజ్‌లు రాకపోయినా సంగతి తేలిపోతుంది, అప్పుడు ఆయన్ని పట్టుకుని వేలాడటంలో అర్థం లేదు.

మూడోది కాస్త ఇబ్బందికరమైనది. వర్మీకంపోస్ట్ అమ్మేవాళ్ల దగ్గర డబ్బు తీసుకుని, వర్మీకంపోస్ట్‌లో కల్తీ గురించి రాయగలమా? యాడ్‌సెన్స్‌లో ఈ బాధ లేదు, అక్కడ ప్రకటనదారు ఎవరో మనకు తెలియదు, మనమెవరో వాళ్లకు తెలియదు. సొంత ప్రకటనలో మాత్రం కల్తీ గురించి రాసిన మర్నాడే ఫోన్ వస్తుంది. ప్రకటన ఇచ్చినవాళ్ల సరుకు మీద సమీక్ష రాయనని ముందే చెప్పేస్తాను, మెచ్చుకుంటూ కూడా రాయను. బ్యానర్ పైన "ప్రకటన" అని తెలుగులో రాసి ఉంటుంది. సోషల్ మీడియాలో డబ్బు తీసుకుని పెట్టే పోస్టులకు ఈ గుర్తు ఉండాలని ప్రకటనల ప్రమాణాల సంస్థ ఆస్కీ 2021లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. లింకుకు "స్పాన్సర్డ్" అన్న గుర్తు తగిలించమని గూగుల్ 2019 నుంచి చెబుతోంది. తగిలించకపోతే సెర్చ్‌లో దెబ్బ పడొచ్చు.

పెద్ద మొత్తాలతో ముందుకొచ్చేవాళ్ల విషయంలో మాత్రం జాగ్రత్త. బెట్టింగ్ యాప్‌లవాళ్లు ఎంత చిన్న సైటుకైనా మెయిల్ పెడతారు, అడిగినంత ఇస్తామంటారు. తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు నిషేధం. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం ప్రకారం అలాంటి ఆటలకు ప్రకటన ఇచ్చినా రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా పడొచ్చు. అదే ఏడాది మార్చిలో హైదరాబాద్ పోలీసులు బెట్టింగ్ యాప్‌లను ప్రమోట్ చేసినవాళ్ల మీద పెట్టిన కేసులు గుర్తున్నాయి కదా. ఆ తర్వాత వచ్చేది ఓపెన్ ప్లాట్ల వెంచర్లు. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ అవసరమైన ప్రాజెక్టుకు ఆ నంబరు లేకుండా ప్రకటన ఇవ్వకూడదు. "ప్రీ లాంచ్ ఆఫర్" అని బ్యానర్ పంపితే నంబరు అడగండి, చాలామంది మళ్లీ ఫోన్ చేయరు. షుగర్ పూర్తిగా తగ్గిస్తామనే మందుల ప్రకటనలకు 1954 నాటి చట్టమే అడ్డు. యాడ్‌సెన్స్‌లో ఈ జల్లెడ పని చాలావరకు గూగులే చేస్తుంది. జ్యోతిష్యం, లోన్ యాప్‌లు లాంటివి మనకు నచ్చకపోతే వర్గాల వారీగా ఆపుకోవచ్చు. సొంత ప్రకటనల్లో జల్లెడ పట్టేది మనమే.

పన్నుల్లో రెండింటికీ పెద్ద తేడా లేదు. రెండూ వ్యాపార ఆదాయమే. కంపెనీలు ప్రకటన ఇస్తే, బిల్లు 30 వేలు దాటినా, ఏడాదికి మొత్తం లక్ష దాటినా 1 శాతం టీడీఎస్ కోస్తారు, రిటర్నులో సర్దుకోవచ్చు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ రెండూ కలిపి ఏడాదికి 20 లక్షలు దాటితేనే కాబట్టి మనలాంటి సైట్లకు అది దూరపు మాట.

మిగతా దారుల గురించీ అడుగుతున్నారు కాబట్టి నాలుగు ముక్కలు. అమెజాన్ అఫిలియేట్ లింకులు పెట్టుకోవచ్చు. కానీ నొక్కిన 24 గంటల్లోపు కొనాలి, కనీసం కార్టులోనైనా వేయాలి, అప్పుడే కమిషన్. మన తోటమాలులు కార్టులో వేయడానికే వారం ఆలోచిస్తారు. మీడియా.నెట్ లాంటి ప్రకటనల నెట్‌వర్కులు ప్రధానంగా ఇంగ్లిష్ పాఠకుల కోసం. ఎక్కడ నొక్కినా కొత్త విండో తెరుచుకునే పాప్ ప్రకటనల నెట్‌వర్కులను దగ్గరికి రానివ్వకండి. డబ్బు తీసుకుని గెస్ట్ పోస్టులు (బయటివాళ్లు రాసిచ్చేవి) వేయడం గురించి మాట్లాడను.

రెండింటినీ ఒకే పేజీలో ఉంచుకోవడానికి యాడ్‌సెన్స్ నియమాలు అడ్డు చెప్పవు, మన బ్యానర్లు గూగుల్ ప్రకటనల్లా కనిపించకుండా ఉంటే చాలు. నా సైటులో పైన ఒక జాగా, వ్యాసం మధ్యలో ఒక జాగా నర్సరీలకు ఇస్తాను. అవి ఖాళీగా ఉన్న నెలల్లో అక్కడా యాడ్‌సెన్సే వస్తుంది. కింది జాగాలు ఎప్పుడూ దానివే. స్నేహితులకు లింకు పంపి "కాస్త యాడ్ మీద నొక్కి సపోర్ట్ చేయండి" అని మాత్రం అడగకండి, ఖాతానే పోతుంది.

మొదటిసారి ప్రయత్నించేవాళ్లు సీజన్ చూసుకుని అడగండి. చీరలవాళ్లను ఆషాఢం తగ్గింపులకు ముందు, కోచింగ్ సెంటర్లను ఇంటర్ ఫలితాలకు ముందు. నర్సరీలకైతే రేటు కార్డు మే నెలలోనే పంపాలి. జూన్‌లో వానలు పడ్డాక వాళ్లకు ఫోన్ ఎత్తే తీరిక ఉండదు, ఎత్తినా అప్పుడు వాళ్లకు ప్రకటన అవసరం ఉండదు.