తుఫాన్స్, లాన్సర్స్, గోనాసిక: రాయగడ తెలుగువాళ్లకి ఏ హాకీ జట్టు మేలు?

ఒడిశాలో ఉన్న మా రాయగడలోని తెలుగు ఇళ్లలో క్రికెట్ దగ్గర తగువు రాదు. ఐపీఎల్‌లో ఒడిశాకి జట్టే లేదు కాబట్టి ఎక్కువమంది హైదరాబాద్‌కి చప్పట్లు కొట్టేసి ఊరుకుంటారు. హాకీ అలా కాదు. 2017తో ఆగిపోయిన హాకీ ఇండియా లీగ్ 2024 డిసెంబర్ 28న రూర్కెలాలో మళ్లీ మొదలైంది. మగవాళ్ల లీగ్‌లో ఎనిమిది జట్లుంటే వాటిలో మూడు మా గుమ్మంలోకే వచ్చి నిలబడ్డాయి. మేముంటున్న రాష్ట్రానికి కళింగ లాన్సర్స్. మేం మాట్లాడే భాషకి హైదరాబాద్ తుఫాన్స్. పెద్దాసుపత్రికైనా పెళ్లిబట్టలకైనా మేం పరిగెత్తే విశాఖపట్నానికి గోనాసిక.

తొమ్మిదో తరగతి చదివే మా మేనల్లుడు మొదటి రోజే అడిగాడు, "మామయ్యా, మనది ఏ టీమ్?" అని. వాడు బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు. స్నేహితులతో రెండూ కలిపి మాట్లాడతాడు. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. సీజన్ మొత్తం కూర్చుని చూశాక ఇప్పుడుంది.

గోనాసిక సంగతి ముందు తేల్చేస్తాను. దూరం లెక్కన చూస్తే మాకు భువనేశ్వర్ కంటే విశాఖే దగ్గర. పైగా ఆ పేరు చూడండి. గోనాసిక అంటే కెందుఝర్ జిల్లాలో వైతరణి నది పుట్టే చోటు. ఒడిశా కొండ పేరు పెట్టుకుని ఆంధ్రా ఊరి తరఫున దిగిన జట్టు. సరిహద్దులో బతికేవాళ్లకి ఇంతకన్నా దగ్గరి పేరు దొరుకుతుందా అని నేనైతే నిజంగా సంబరపడ్డాను. కెప్టెన్ మన్‌ప్రీత్ సింగ్. టోక్యోలో 41 ఏళ్ల తర్వాత దేశానికి ఒలింపిక్ హాకీ పతకం వచ్చినప్పుడు కూడా కెప్టెన్ అతనే. జట్టు సెమీఫైనల్‌కి రాలేదు, అది పెద్ద విషయం కాదు. అసలు విషయం ఏమిటంటే ఆ తర్వాతి సీజన్ జట్ల జాబితాలో రాంచీ రాయల్స్ ఉంది, గోనాసిక లేదు. ఈ లీగ్‌లో ఇది కొత్త కాదు. 2013లో మొట్టమొదటి టైటిల్ గెలిచిన రాంచీ రైనోస్ మరో సీజన్ ఆడి కనుమరుగైంది. 2015లో అదే ఊరికి రాంచీ రేస్ అని ఇంకో జట్టు వచ్చింది. పెద్దవాళ్లం మనం సర్దుకుంటాం గానీ, ఒక్క సీజన్‌తో మాయమైపోయే జట్టు మీద పిల్లాడి చేత మనసు పెట్టించడం నాకు ఇష్టం లేదు.

కాబట్టి మిగిలింది రెండు.

లాన్సర్స్ మాకు పాత చుట్టం. 2014లో లీగ్‌లోకి వచ్చింది. 2016 ఫైనల్లో పంజాబ్ వారియర్స్ చేతిలో 6-1తో చిత్తుగా ఓడింది. మరుసటి ఏడే చండీగఢ్‌లో దబంగ్ ముంబైని 4-1తో ఓడించి కప్పు పట్టుకుంది. కెప్టెన్ జర్మనీ ఆటగాడు మోరిట్జ్ ఫ్యూర్‌స్టే. ఆ రాత్రి మా బావ వీధిలోకి వెళ్లి టపాకాయలు కాల్చాడు. పక్కింటి ఒడియా వాళ్లు, ఎదురింటి తెలుగువాళ్లు అందరూ బయటికొచ్చి నిలబడ్డారు. హాకీ కోసం మా వీధిలో టపాకాయ పేలడం నేను అదే మొదటిసారి చూడటం.

ఇక ఈ ఆటకి ఒడిశా చేసినంత ఇంకే రాష్ట్రమూ చేయలేదు, ఇది గట్టిగానే చెబుతాను. 2018 నుంచి జాతీయ జట్లకి స్పాన్సర్. 2018లో, 2023లో ప్రపంచకప్పులు. రూర్కెలాలో ఇరవై వేలమంది కూర్చుని చూసే బిర్సా ముండా స్టేడియం. సుందర్‌గఢ్ జిల్లాలో ఉన్న 17 బ్లాకుల్లోనూ టర్ఫ్, అంటే హాకీ ఆడే కృత్రిమ గడ్డి నేల, వేయాలనే పని. ఈ రాష్ట్రం గాలి పీలుస్తూ, ఈ రాష్ట్రం రేషన్ తింటూ దాని జట్టుని కాదనడం తేలిక కాదు.

కానీ కొత్త లాన్సర్స్ పేరుకి ముందు వేదాంత అనే గనుల కంపెనీ పేరు ఉంది. జట్టు వాళ్లదే. ఊళ్లో చాలామందికి ఆ పేరు వింటే హాకీ కంటే ముందు పక్క జిల్లాలోని వాళ్ల లాంజిగఢ్ అల్యూమినా రిఫైనరీ గుర్తొస్తుంది, నియమగిరి కొండ గుర్తొస్తుంది. 2013లో రాయగడ, కలహండి జిల్లాల్లోని పన్నెండు పల్లెల గ్రామసభలు బాక్సైట్ కోసం ఆ కొండని తవ్వొద్దని తీర్మానం చేశాయి. జెర్సీ మీద పేరు చూసి మొహం తిప్పుకునేవాళ్లు మా దగ్గర ఉన్నారు. నేను అంత దూరం వెళ్లను. మైదానంలో పరిగెత్తే కుర్రాడికి ఆ గొడవతో సంబంధం లేదు. అయినా రాయగడలో కూర్చుని జట్ల మంచీచెడ్డా రాస్తూ ఈ మాట దాచిపెట్టడం సరికాదు.

ఆట సంగతికొస్తే, కాగితం మీద లాన్సర్స్ బరువైన జట్టే. టోక్యో ఒలింపిక్స్‌లో 14 గోల్స్ కొట్టిన బెల్జియం ఆటగాడు అలెగ్జాండర్ హెండ్రిక్స్, నెదర్లాండ్స్ నుంచి థియెరీ బ్రింక్‌మన్, ఆస్ట్రేలియా నుంచి ఆరన్ జలేవ్‌స్కీ, గోల్‌లో మన కృష్ణ పాఠక్. ఇంతమంది ఉండి కూడా సెమీఫైనల్ చేరలేదు.

తుఫాన్స్ దగ్గర భాష పేరు చెప్పి నన్ను ఒప్పించాలని చూస్తే నేను ఒప్పుకోను. ఆ జట్టులో తెలుగు మాట్లాడే కుర్రాడు నాకు ఒక్కడూ కనబడలేదు. హైదరాబాద్‌కి హాకీ లేక కాదు. మూడు ఒలింపిక్స్ ఆడిన ముఖేశ్ కుమార్ ఆ ఊరివాడే. 2005లో ప్రీమియర్ హాకీ లీగ్ మొదలైతే తొలి కప్పు హైదరాబాద్ సుల్తాన్స్‌దే. చిత్తూరు జిల్లా నుంచి గోల్‌కీపర్ రజని రియో ఒలింపిక్స్ దాకా వెళ్లింది. అంత చరిత్ర ఉన్నా ఆ సీజన్‌లో ఆ ఊరిది జెర్సీ మీద పేరు మాత్రమే. వేలంలో మనుషుల్ని కొనుక్కునే లీగ్ ఇది. అమిత్ రోహిదాస్ సుందర్‌గఢ్ జిల్లా సౌనామరా వాడు, అతన్ని 48 లక్షలకి తమిళనాడు డ్రాగన్స్ పట్టుకెళ్లింది. లాన్సర్స్‌కి రాష్ట్రం పేరు ఎంతో, తుఫాన్స్‌కి భాష పేరు అంతే.

మరి దేన్నిబట్టి ఎంచుకోవాలి? నాకు జవాబు రూర్కెలాలో దొరికింది.

జనవరిలో బావా, మేనల్లుడూ, నేనూ బొకారో రైలు ఎక్కాం. ఇప్పుడది ధన్‌బాద్ దాకా వెళ్తున్నా మా వైపు అందరికీ బొకారోనే. టిట్లాగఢ్, సంబల్‌పూర్, ఝార్సుగూడ దాటి రూర్కెలా. స్టేడియంలోకి టికెట్ ఉచితం. చలికి మఫ్లర్లు చుట్టుకున్న జనం, చంకన పిల్లల్ని వేసుకున్న ఆడవాళ్లు, స్టిక్ పట్టుకునే వచ్చిన బడిపిల్లలు. ఆటకి ముందు టర్ఫ్ మీద నీళ్లు కొట్టారు. దీపాల వెలుతురులో నీలం నేల అద్దంలా మెరిసింది.

ఆ తడి నేల మీద తుఫాన్స్ వాళ్లు పెనాల్టీ కార్నర్లు సాధన చేస్తున్నారు. గోల్ దగ్గర తప్పు చేస్తే ఎదుటి జట్టుకి ఇచ్చే అవకాశం అది. గోల్ పక్కన, మైదానం చివరి గీత మీద నుంచి ఒకడు బంతి నెడతాడు. డీ అంటే గోల్ ముందుండే అర్ధవృత్తం, దాని గీత బయట ఇంకొకడు వంగి దాన్ని ఆపుతాడు. ఆపిన బంతిని గొంజాలో పెయిలాట్ స్టిక్ వంపులో ఇరికించి, నేల మీద ఈడ్చుకుంటూ, నడుము మెలితిప్పి వదులుతాడు. గోల్ వెనక చెక్కబోర్డుకి బంతి తగిలిన చప్పుడు మా వరసదాకా వినిపించింది. పెయిలాట్ అంటే మామూలు మనిషి కాదు. రియోలో అర్జెంటీనాకి ఆడుతూ సెమీస్‌లో జర్మనీ మీద హ్యాట్రిక్ కొట్టి బంగారు పతకం గెలిచాడు. తర్వాత అదే జర్మనీకి మారి, 2023 ప్రపంచకప్ సెమీస్‌లో భువనేశ్వర్‌లోనే ఆస్ట్రేలియా మీద హ్యాట్రిక్ కొట్టాడు. వేలంలో విదేశీ ఆటగాళ్లందరిలో ఎక్కువ ధర పలికింది అతనే, 68 లక్షలు.

అతని పక్కనే ఇంకో కుర్రాడు నిలబడ్డాడు. అమన్‌దీప్ లక్డా, ఒడిశా వాడు. పెయిలాట్ ఒకటి, ఇతను ఒకటి. వరసలో అతని వంతు వచ్చినప్పుడల్లా మా వెనక కూర్చున్న సుందర్‌గఢ్ పిల్లలు పేరు పెట్టి అరిచారు. హైదరాబాద్ జట్టులో తమ కుర్రాడు ఉన్నాడు కాబట్టి ఆ పూట వాళ్లకి హైదరాబాదే సొంత జట్టు. ఫార్వర్డ్ శిలానంద్ లక్డా కూడా అదే జిల్లా నుంచి వచ్చినవాడే.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. పాత లీగ్‌లో 2016, 2017 సీజన్లకి ఫీల్డ్ గోల్, అంటే కార్నర్ లేకుండా ఆట సాగుతుండగా గోల్, కొడితే రెండుగా లెక్కించేవారు. కొత్త లీగ్‌లో ఏ గోలైనా ఒకటే. అందువల్ల కార్నర్ కొట్టేవాడి విలువ బాగా పెరిగింది. ఆ సీజన్‌లో ప్రతి జట్టుకీ 24 మంది, అందులో 8 మంది విదేశీయులు. కార్నర్ అంతా పేరున్న విదేశీయుడికే వదిలేస్తే పని సులువుగా అయిపోతుంది. మన పిల్లాడు గీత దగ్గర నిలబడి చూస్తూ ఉండిపోతాడు. తుఫాన్స్ పెయిలాట్ పక్కన అమన్‌దీప్‌ని నిలబెట్టింది.

ఫైనల్‌లో దానికి ఫలితం కనిపించింది. 2025 ఫిబ్రవరి 1, కేంద్ర బడ్జెట్ వచ్చిన శనివారం. సెమీస్‌లో సూర్మా జట్టుని ఓడించి వచ్చిన తుఫాన్స్‌కి ఎదురుగా బెంగాల్ టైగర్స్. ఆ రాత్రి దూరదర్శన్‌లో చూస్తుంటే మా ఇంట్లో ఎవరూ అన్నం ముట్టలేదు. పెయిలాట్ గోల్‌తో తుఫాన్స్ ముందుకెళ్లింది. టైగర్స్‌కి జుగ్‌రాజ్ సింగ్ హ్యాట్రిక్ కొట్టాడు. తుఫాన్స్ రెండో గోల్ అమన్‌దీప్‌ది. ఆఖరి క్వార్టర్‌లో జాకబ్ ఆండర్సన్ స్కోరు 3-3 చేశాడు. మా అక్క చేతులు జోడించి మా ఊరి అమ్మవారు మజ్జిగౌరమ్మకి మొక్కింది. ఆ మొక్కు పూర్తి కాకముందే శామ్ లేన్ నాలుగోది కొట్టేశాడు. 4-3. మేనల్లుడు ఏడ్చాడు. ఆ ఏడుపు చూస్తే నాకు 2016లో లాన్సర్స్ ఓడిన రోజు గుర్తొచ్చింది.

కాబట్టి నా తీర్పు తుఫాన్స్. తెలుగు ఊరి పేరుందని కాదు, ఓడినా బాగా ఆడిందని కూడా కాదు. కార్నర్ బంతిని అలా ఈడ్చి వదిలే డ్రాగ్ ఫ్లికర్లలో ప్రపంచంలోనే పెద్దవాడి పక్కన మన కుర్రాణ్ని నిలబెట్టి, ఫైనల్‌లో అతని చేతికి బంతి ఇచ్చినందుకు. లాన్సర్స్ మీద నాకు కోపం లేదు. హెండ్రిక్స్ పక్కన ఒక ఒడిశా కుర్రాణ్ని అదే పని మీద నిలబెట్టిన రోజున నేను ఆ జెండా పట్టుకుంటాను. బావ మాత్రం ఒప్పుకోలేదు. "కప్పు తెచ్చింది ఏ జట్టురా, టపాకాయలు కాల్చింది ఎవరికిరా?" అంటాడు. ఆయన మాటలో న్యాయం ఉంది. 2017 చూసినవాడికి లాన్సర్స్‌ని వదులుకోవడం కష్టం. కానీ అడిగింది పిల్లాడు. అప్పటికి వాడు ఒకటో తరగతి, ఆ రాత్రి నిద్రపోయాడు.

రాయగడలో రూర్కెలా లాంటి టర్ఫ్ లేదు, పన్‌పోష్ లాంటి పేరున్న హాకీ హాస్టల్ లేదు. మా పెరట్లో తులసికోటకీ నూతి గట్టుకీ మధ్య పది అడుగుల సిమెంటు ఉంది. మేనల్లుడు దాని మీద నీళ్లు కుమ్మరించి, టెన్నిస్ బంతిని స్టిక్ వంపులో పెట్టుకుని ఈడుస్తున్నాడు. బంతి జారిపోతోంది. నిన్న సాయంత్రం పిలిచి ఫోన్‌లో ఫైనల్ ముక్క చూపించమన్నాడు. అమన్‌దీప్ కొట్టిన గోల్ దగ్గర ఆపమని వేలు పెట్టి అడిగాడు, "బంతి దగ్గరికి వచ్చినప్పుడు ఎడమ కాలు ఎక్కడ పెట్టాడు మామయ్యా, చూడు."