డాక్టరు చదువుకు ముందు డిగ్రీ: డాలస్‌లో మా ఎంపిక

అమెరికాలో వైద్య కళాశాలలో చేరాలంటే సాధారణంగా ముందు నాలుగేళ్ల డిగ్రీ చేయవలసి ఉంటుంది కనుక, ఆ డిగ్రీకే అప్పుల పాలైతే అసలు చదువుకు ఏమీ మిగలదని భయపడి, మా అమ్మాయిని డాలస్ పక్కనున్న రిచర్డ్‌సన్‌లోని ప్రభుత్వ విశ్వవిద్యాలయమైన యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్ ఎట్ డాలస్‌లో చేర్పించాము. ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలోనూ సీటు వచ్చింది; భోజనాల బల్ల మీద రెండు ఉత్తరాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, స్కాలర్‌షిప్ పోగా అక్కడి ఖర్చు మూడు రెట్లకు పైగా తేలింది.

ఎక్కడ చదివినా జీవశాస్త్రం, ఆర్గానిక్ కెమిస్ట్రీ, భౌతికశాస్త్రం ల్యాబులతో సహా పూర్తి చేయాలి, వైద్య కళాశాలల ప్రవేశ పరీక్ష అయిన, గరిష్ఠంగా 528 మార్కులుండే ఎంక్యాట్ రాయాలి. పైగా టెక్సాస్ ప్రభుత్వ వైద్య కళాశాలల్లో కనీసం 90 శాతం సీట్లు రాష్ట్ర నివాసులకే దక్కుతాయి కాబట్టి, ఇక్కడే ఉండి చదవడం మాకు అన్ని విధాలా మేలనిపించింది.

నాకు బాగా నచ్చింది వైద్యవృత్తి వైపు వెళ్లే విద్యార్థులకు ప్రత్యేకంగా ఉన్న సలహా విభాగం. అక్కడి సలహాదారు నాలుగేళ్ల ప్రణాళికను కాగితం మీద గీసి, ఆర్గానిక్ కెమిస్ట్రీ, భౌతికశాస్త్రం ఒకే సెమిస్టరులో పడకుండా ఎర్ర పెన్నుతో జరిపి చూపించారు. ఇంటి నుంచే వెళ్లి వస్తున్నందున వసతి ఖర్చు కూడా తప్పింది. ఆదాయం తక్కువగా ఉన్న టెక్సాస్ కుటుంబాలవారు వైద్య కళాశాలలో చేరడానికి తోడ్పడే జాంప్ అనే రాష్ట్ర ప్రభుత్వ పథకం గురించి మొదటి ఏడాదిలోనే అడిగి తెలుసుకోవాలి.