కలిసిపోయిన టోర్వాస్టాడ్, విడిగా మిగిలిన ఉట్సీరా: ఏది మేలు?

నార్వేలో కొమ్యూనె అంటే మన పంచాయతీకి పెద్దక్క లాంటిది. బడి, ముసలివాళ్ల సంరక్షణ, మంచినీళ్లు అన్నీ దాని నెత్తినే. 1837 నాటి చట్టంతో ఆ మరుసటి ఏడాది పుట్టిన వాటిలో టోర్వాస్టాడ్ ఒకటి. పశ్చిమ తీరాన కార్మోయ్ దీవి ఉత్తరపు కొసన ఉంటుంది.

దాని చరిత్రంతా పంపకాలే. హెర్రింగ్ చేపల వేటతో ఎదిగిన హౌగెసుండ్ 1855లో పట్టణంగా వేరుపడింది. 1881లో స్కోరే, 1924లో నడిసముద్రంలోని ఉట్సీరా వేరు కాపురం పెట్టాయి. 1965లో టోర్వాస్టాడ్ పేరే పోయింది. మరో నాలుగు పల్లె కొమ్యూనెల్నీ, రెండు చిన్న పట్టణాల్నీ దాంతో కలిపి కార్మోయ్ అన్నారు. తల్లి కలిసిపోయింది, కడగొట్టు పిల్ల ఉట్సీరా మాత్రం ఇప్పటికీ సొంత గడపతో ఉంది.

ఈ కలపడం అప్పట్లో దేశమంతటా జరిగింది. 1946లో నికొలాయ్ షై అధ్యక్షతన వేసిన కమిటీ చలవ అది. 1930లో 747 ఉన్న కొమ్యూనెలు 1960ల చివరికి 450 చిల్లరకు దిగాయి. చిన్న ఊరు పెద్ద బడినీ, ఇంజనీరునీ పోషించలేదన్నది వాదన. టోర్వాస్టాడ్ విషయంలో నా ఓటు దీనికే. 1955లోనే కార్మ్‌సుండ్ వంతెన దీవిని ప్రధాన భూభాగంతో కలిపేసింది. రోడ్డు మీద పది నిమిషాలకో కొమ్యూనె ఆఫీసు ఎందుకు?

ఉట్సీరా లెక్క వేరు. జనం 200 మంది, నేల ఆరు చదరపు కిలోమీటర్లు. హౌగెసుండ్ నుంచి పడవలో గంట పైనే. పిడికెడు మందికి ఒక మేయరు, ఒక కౌన్సిలు అంటే దండగే అనిపిస్తుంది, ఖర్చులో సర్కారు సాయమూ ఉంటుంది. అయినా పడవ వేళ గురించి, బడి గురించి తేల్చేది ఆ పడవ ఎక్కేవాళ్లే కదా. ఇంకో మాట. 1925 ఎన్నికల్లో ఇక్కడి 12 సీట్లలో 11 ఆడవాళ్లకే వచ్చాయి. ఓసా హెల్గెసెన్ అనే మంత్రసాని దేశంలోనే తొలి మహిళా మేయరు అయ్యారు. ఉట్సీరా ఇంకా టోర్వాస్టాడ్‌లో ఒక మూలగానే ఉండి ఉంటే, పెద్ద కౌన్సిల్లో ఆ దీవికి ఒకటో రెండో కుర్చీలు దక్కేవేమో.

కాబట్టి తలలు లెక్కపెట్టొద్దు, మధ్యలో సముద్రం ఉందో లేదో చూడాలంటాను. అయితే నా కొలతకు హారాం అనే కొమ్యూనె లొంగదు. పక్కనున్న ఓలెసుండ్ పట్టణానికి రోడ్డు ఉన్నా, 2020లో ఓలెసుండ్ కొమ్యూనెలో కలిపిన హారాం 2024 జనవరి 1న మళ్లీ విడిపోయింది.