గ్రానా పదానో ఆరేళ్ల తర్వాత: పెచ్చు బాగుంది, తోడు దగ్గరే చిక్కు

చదువుకోడానికి ఇటలీలోని టురిన్ వచ్చిన మొదటి ఏడాది నుంచి మా ఫ్రిజ్‌లో గ్రానా పదానో అనే గట్టి చీజ్ ముక్క లేని రోజు లేదు. ఆరేళ్లయింది. పార్మిజానో రెజ్జానో అనే చీజ్ గొప్పదని చెప్పడానికి బోలెడుమంది ఉన్నారు, గొప్పదే. కానీ స్కాలర్‌షిప్ మీద బతికేవాడికి కిలో దగ్గర ఏడెనిమిది యూరోల తేడా అంటే వారం రోజుల కూరగాయలు. అందుకని దాని దాయాది లాంటి గ్రానాతో సర్దుకున్నాను. పాలు తాగితే కడుపుబ్బరించే నాకు ఇది ఏ ఇబ్బందీ పెట్టలేదు. నెలల తరబడి మాగిన చీజ్‌లో లాక్టోజ్ దాదాపు మిగలదు.

అయితే నేను ఇంతగా రాయాలనుకున్నది చీజ్ గురించి కాదు, దాని పెచ్చు గురించి. తొక్క అందామంటే అరటిపండు గుర్తొస్తుంది, అందుకని మా ఇంట్లో దాని పేరు పెచ్చు. మొదటి రెండేళ్లూ దాన్ని మైనం అనుకుని చెత్తబుట్టలో వేశాను. తూకంలో దానికీ డబ్బు కడుతున్నామన్న ఆలోచనే రాలేదు. ఓ రోజు కింది అంతస్తులో ఉండే పెద్దావిడ నా చెత్త కవరు చూసి, అన్నం పారేసినవాణ్ణి తిట్టినట్టు తిట్టింది. అది మైనం కాదట, ఎండి గట్టిపడిన చీజేనట. ఇక్కడివాళ్లు మినెస్త్రోనే అనే కూరగాయల సూప్‌లో వేసి ఉడికిస్తారు. సూప్‌లో వేసేది పప్పుచారులో ఎందుకు వెయ్యకూడదు అనుకున్నాను.

పైభాగం కత్తితో గీకి, కడిగి, రెండు వేళ్ల వెడల్పు ముక్క ఒకటి పప్పుచారు మరుగుతున్నప్పుడు వెయ్యాలి. ఇరవై నిమిషాలు చాలు. చీజ్ వాసన రాదు. చారుకి ఒక చిక్కదనం వస్తుంది, ఎండుమిర్చి, ఇంగువ పోపు పడ్డాక ఆ రుచి ఎక్కణ్ణుంచి వచ్చిందో కనిపెట్టలేం. ఉప్పు మాత్రం సగానికి తగ్గించాలి, అది తెలిసేలోపు రెండు గిన్నెల చారు పారబోశాను. మెత్తబడ్డ పెచ్చుని చివర్లో నమిలి తినొచ్చు. కుక్కర్లో వేస్తే మటుకు అడుక్కి అంటుకుంటుంది, తోమలేక చావాలి.

కొనడంలో పెద్ద మర్మమేమీ లేదు. ప్యాకెట్ ధర చూడకుండా పక్కన చిన్న అక్షరాల్లో వేసే కిలో ధర చూడాలి. తురిమిన ప్యాకెట్ జోలికి పోకూడదు: తురుములో 18 శాతం వరకూ పెచ్చు కలపొచ్చని నియమమే ఉంది, పైగా రుచి వారానికే పోతుంది. గ్రానా 9 నెలలకే అమ్మకానికి వచ్చేస్తుంది. 16 నెలలు దాటినది ఆఫర్‌లో దొరికితే కిలో ముక్క తీసుకుంటాను, మాకు 13 యూరోల దగ్గర పడుతుంది. అందులో పంటికింద కరకరలాడే తెల్లటి చుక్కలుంటాయి. మొదటిసారి బూజనుకున్నాను. మాగేకొద్దీ ప్రోటీన్ విడిపోయి ఏర్పడే స్ఫటికాలవి, ఉండటమే మంచిది. పార్మిజానోయే కావాలంటే పెచ్చు చుట్టూ సమాంతరంగా గీతలు గీసిన రకం ఉందేమో అడగండి. దాన్ని మెజ్జానో అంటారు, తనిఖీలో రెండో రకంగా తేలినది. ఎక్కువ రోజులు మాగడానికి పనికిరాదు కాబట్టి చవగ్గా ఇస్తారు.

ఇదంతా పోయిన అక్టోబరు దాకా ఉన్న అభిప్రాయం.

అక్టోబరులో అమ్మ తెనాలి నుంచి వచ్చింది. మూడు వారాలు నా పప్పుచారే తింది. "ఇంగువ మార్చావా ఏంటిరా, ఇంత రుచి ఎలా వచ్చింది?" అని రెండుసార్లు అడిగింది. నేను గర్వంగా పెచ్చు చూపించాను. పాలు, ఉప్పు తప్ప ఇంకేమీ ఉండవమ్మా అన్నాను. ఆవిడ దాన్ని వేళ్లతో నొక్కి, వాసన చూసి, పెరుగు తోడేసే ఎవరైనా అడిగే ప్రశ్నే అడిగింది.

"పాలు విరగ్గొడతారా, తోడు పెడతారా? తోడైతే దేంతో?"

ఆరేళ్లలో నాకు ఆ అనుమానం రాలేదు. నిన్నటి చీజ్ చెయ్యగా మిగిలిన తేటనే ఇవాళ్టి పాలలో కలుపుతారని ఎక్కడో చదివాను, అది చెప్పాను. మన పద్ధతే కదా అని అమ్మ సంతోషించింది. ఆ ఊపులో ప్యాకెట్ తిప్పి చదవడం నా తప్పు. పాలు, ఉప్పు, కాల్యో. ఆ తర్వాత లావు అక్షరాల్లో వోవో అని ఉంది. ఇక్కడికొచ్చిన మొదటి వారంలోనే నేర్చుకున్న మాట అది: గుడ్డు.

గ్రానాకి పాలిచ్చే ఆవులకు పాతరగడ్డి, అంటే గాలి తగలకుండా పాతరేసి పులియబెట్టిన పచ్చిమేత, పెట్టొచ్చు. దాంతోపాటు పాలలోకి చేరే సూక్ష్మజీవులు నెలల తర్వాత గ్యాస్ పుట్టించి చీజ్ చక్రాన్ని ఉబ్బించి పగలగొడతాయి. అవి పెరగకుండా గుడ్డు తెల్లసొనలోంచి తీసిన లైసోజైమ్ అనే ప్రోటీన్ వేస్తారు. పార్మిజానోకి పాతరగడ్డి నిషిద్ధం, కాబట్టి గుడ్డూ ఉండదు. ఇక కాల్యో అంటే దూడ పొట్టలోంచి తీసే పదార్థం, దూడ తాగిన పాలు పొట్టలో గడ్డకట్టడానికి ఉండేది. అది రెండింటిలోనూ ఉంటుంది. గొర్రెపాలతో చేసే పెకోరీనో రొమానో చీజ్‌లోనైతే గొర్రెపిల్లది. ఆకుపచ్చ చుక్క చూసి కొనడం అలవాటైనవాణ్ణి, ఇక్కడ ఆ చుక్క వెయ్యరన్న సంగతే మర్చిపోయాను.

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేకపోయాను. అమ్మ ఏమీ అనలేదు. లేచి వెళ్లి తలస్నానం చేసి వచ్చింది, రాత్రి మజ్జిగ మాత్రం తాగింది. మర్నాడు పొద్దున్న బజారుకెళ్లి కొత్త గిన్నె, కొత్త గరిటె కొనుక్కుంది. సాయంత్రం కూరలు తరుగుతూ, నా వంక చూడకుండా, "మీ నాన్నగారితో అనకు" అంది. నేను గుడ్డు తింటున్నానని ఆవిడకు ఎప్పుడో తెలుసు, తెలీనట్టు ఉంటుంది. అది వేరే సంగతి.

ఆ తర్వాత నెలరోజులు శాకాహారుల చీజ్ కోసం వెతికాను. పార్మిజానో, గ్రానా పేరుతో దొరకదు, ఆ పేరు పెట్టుకోవాలంటే దూడ కాల్యోనే వాడాలని వాటి నిబంధన. పెద్ద పేరేమీ లేకుండా, తురుముకునే గట్టి చీజ్ అని మాత్రం రాసి, సూక్ష్మజీవులతో చేసిన కాల్యో అని చెప్పే రకాలున్నాయి. ఇంకా చవక కూడా. పాస్తా మీద చల్లుకుంటే నాకు తేడా అంతగా తెలీలేదు. కానీ ఆ కరకర లేదు. నేను తెచ్చినదాని పెచ్చు మీద తినడానికి పనికిరాదని రాసి ఉంది, అంటే నాకు కావాల్సిందే అందులో లేదు. గుడ్డు ఒక్కటే అభ్యంతరమైనవాళ్లు పార్మిజానో తీసుకోవచ్చు, మెజ్జానో అయితే జేబుకీ బరువు కాదు.

పెచ్చుని పొగిడినదాంట్లో కొంచెం వెనక్కి తీసుకోవాల్సింది కూడా ఉంది. 9 నెలల గ్రానా పెచ్చుతో చారు చేస్తే వట్టి ఉప్పదనమే వచ్చింది, 16 నెలలు దాటిన ముక్క అయితేనే ఆ రుచి. నేను ఒంటరిగా ఉంటాను, గుడ్డు తింటాను, ఇది తయారయ్యే ప్రాంతంలోనే ఉన్నాను కాబట్టి ధర కలిసొస్తోంది. దిగుమతి ధరకు కొనాల్సినచోట ఉండేవాళ్లకు నా లెక్కలు పనికిరావు. నేను మాత్రం మానలేదు. ఫ్రీజర్‌లో ఒక కవరు నిండా పెచ్చులున్నాయి, వేసవిలో మళ్లీ వస్తానంటోంది అమ్మ. ఆ కవరు ఖాళీ అయ్యాకే టికెట్ బుక్ చేస్తాను.